బుల్సారా వారి అబ్బాయి

సూరతు నుండి బొంబాయికి పోయే రైలుమార్గంలో వల్సాడ్ అనే ఊరున్నది. ఇంగ్లీషువారి కాలంలో దానిని బుల్సార్ అని వ్రాసేవారు. సముద్రం దగ్గర, మామిడిపండ్లకు పేరుపడిన సీమ. ఆ ఊరి పేరు ఒక కుటుంబానికి ఇంటిపేరై, హిందూ మహాసముద్రం దాటి, ఆఫ్రికా తీరాన ఒక దీవికి పోయి, అక్కడినుండి ఇంగ్లండు చేరి, చివరకు ఆ కుటుంబంలో పుట్టిన ఒక పాటగానిచేత విడువబడినది. ఆ పాటగాడే ఫ్రెడ్డీ మెర్క్యురీ. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫరూఖ్ బుల్సారా.

క్వీన్ అనే రాక్ సంగీత బృందానికి గాయకుడుగా ఆయన పొందిన కీర్తిని గురించి మేము ఎక్కువ చెప్పనవసరం లేదు. 1985 జూలై 13వ తేదీన లండనులోని వెంబ్లీ క్రీడాప్రాంగణంలో, 72,000 మంది ఎదుట, ఇంచుమించు ఇరువది నిముషాల కాలంలో ఆయన చూపిన ప్రజ్ఞను ఉపగ్రహాల మూలంగా లోకమంతా చూచినది. ఆయన పేరు ఎత్తినప్పుడల్లా విద్యార్థులైన శ్రోతలు మమ్ము అడిగే ప్రశ్న వేరే ఉన్నది: “ఈయన మనవాడేనటండీ, నిజమేనా?” అవునని చప్పట్లు కొట్టించుకోవడం సులువు. కాదని త్రోసివేయడమూ సులువే. ఆ బాల్యాన్ని కొంచెము నిదానంగా చూచినవారికి మాత్రం ఈ రెండు జవాబులూ చాలవని తోస్తుంది.

ముందు ఆ ఇంటిపేరు సంగతి. మన తెలుగువారిలో పూర్వులు కాపురమున్న ఊరు ఇంటిపేరు అయినట్లే పారశీకులలోనూ అవుతుంది. బరూచినుండి వచ్చినవారు బరూచా, బుల్సారునుండి వచ్చినవారు బుల్సారా. ఇంగ్లీషు దొరతనం వచ్చిన తరువాత వృత్తులుకూడ ఇంటిపేర్లు అయినవి. ఇంజనీరు, కాంట్రాక్టరు అనే ఇంటిపేర్లు గల పెద్దమనుషులను బొంబాయిలో ఇప్పటికీ చూడవచ్చు. ఊరిపేరు ధరించిన కుటుంబమంటే ఆ ఊరు విడిచిన కుటుంబమని అర్థము. ఊళ్ళో ఉన్నవానిని ఆ ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు?

ఊరు విడవడం ఈ జాతికి క్రొత్త కాదు. ఏడవ శతాబ్దంలో అరబ్బులు ఇరానును జయించి సస్సానీయ సామ్రాజ్యాన్ని అంతమొందించిన పిమ్మట, జరతుష్ట్రుని మతాన్ని విడువనొల్లని కొందరు కాలక్రమాన ఓడలెక్కి గుజరాతు తీరాన సంజాను రేవులో దిగినారు. ఈ వలస కథను 1599 ప్రాంతంలో నవసారి పురోహితుడొకడు పారశీక భాషలో పద్యకావ్యంగా వ్రాసినాడు. దానిపేరు కిస్సా-ఎ-సంజాన్. అచ్చటి రాజు వారికి ఆశ్రయమిస్తూ కొన్ని షరతులు పెట్టినాడని ఆ కావ్యం చెబుతుంది: ఈ దేశభాష మాట్లాడవలె, స్త్రీలు ఈ దేశపు వస్త్రధారణ అవలంబించవలె, ఆయుధాలు విడువవలె. రాజు నిండు పాలగిన్నెను పంపగా, పారశీకుల పెద్ద అందులో చక్కెర కలిపి, ఒక్క చుక్కైనా తొణకకుండ తిరిగి పంపినాడన్న కథ జనశ్రుతిలో ఉన్నది. చక్కెర కరిగిపోతుంది, తీపి నిలుస్తుంది అని దానికి తాత్పర్యం చెబుతారు. కరిగిపోయే చక్కెరకు ఎట్లా ఉంటుందో ఆ కథ చెప్పదు. మన గాయకుని విషయంలో ఆ సంగతే ఆలోచింపదగినది.

వారి వెంట వచ్చిన పవిత్రాగ్ని శతాబ్దాలపాటు చోటు మారుతూ, 1742లో ఉద్వాడ గ్రామంలో స్థిరపడినది. ఉద్వాడ బుల్సారుకు కూతవేటు దూరం. హైదరాబాదు, సికిందరాబాదు శ్రోతలకు ఈ మతం బొత్తిగా అపరిచితం కాదు. రెండు నగరాలలోనూ పారశీకుల అగ్యారీలు, అనగా అగ్నిగృహాలు, ఉన్నవి. అన్యమతస్థులకు లోపలికి ప్రవేశం లేదు కనుక మనలో చాలమంది ప్రహరీగోడ మాత్రమే చూచి ఉంటారు.

ఇక దీవి సంగతి. తాంబూలానికి గ్రుచ్చే లవంగము ఒకప్పుడు ఎక్కువగా జాంజిబారునుండి, దాని తోడు దీవి పెంబానుండి వచ్చేది. ఒమాను సుల్తానులు అక్కడ లవంగతోటలు నాటించి, పందొమ్మిదవ శతాబ్దంలో తమ రాజధానినే అక్కడికి మార్చుకొన్నారు. తోటలలో చాకిరి ఆఫ్రికా బానిసలది. ఆధిపత్యం అరబ్బులది. వర్తకము, వడ్డీ, లెక్కలు గుజరాతీలవి. రేవు సుంకాల వసూలును కచ్ఛీ వర్తకులే చాలకాలం గుత్తకు తీసుకొన్నారు. 1890లో దీవి బ్రిటిషువారి రక్షణక్రిందికి వచ్చినది. లవంగాల వ్యాపారంలో భారతీయులకు నష్టము కలిగించే శాసనాలను అక్కడి ప్రభుత్వం చేసినప్పుడు, 1937లో మన కాంగ్రెసువారు జాంజిబారు లవంగాలను బహిష్కరించవలసిందని పిలుపునిచ్చినారు. మరుసటి ఏడు రాజీ కుదిరినది. ఆ దీవిలోని భారతీయుల బ్రతుకు ఇట్లా మూడు కొసలకు కట్టిన త్రాటిమీద ఉండేది: పైన ఇంగ్లీషు అధికారి, నడుమ సుల్తాను, చుట్టూ ఆఫ్రికా ప్రజ.

అట్టి దీవికి ఉద్యోగార్థియై పోయినవాడు బోమీ బుల్సారా. 1908లో జన్మించిన బోమీ ప్రభుత్వ హైకోర్టులో క్యాషియరు. పెద్ద ఉద్యోగమేమీ కాదు, మర్యాదగల ఉద్యోగం. భార్య జెర్, ఆయనకంటె పదునాలుగేండ్లు చిన్నది, ఈ దేశంలో పెండ్లియై ఆయన వెంట జాంజిబారు వెళ్ళినది. 1946 సెప్టెంబరు 5వ తేదీన వారికి కుమారుడు కలిగినాడు. ఫరూఖ్ అనగా పారశీకంలో శుభప్రదుడు. ఆరేండ్లకు కశ్మీరా అనే చెల్లెలు పుట్టినది.

వారు నివసించిన స్టోన్ టౌన్ పగడపురాతితో కట్టిన మేడల పట్టణం. సందులు ఇరుకు. ఇత్తడి బొడిపెలు దిగగొట్టిన చెక్కడపు తలుపులలో కొన్ని మన గుజరాతు పనివారి రీతివి. ఇంటిలో గుజరాతీ, వీధిలో స్వాహిలీ, కచేరీలో ఇంగ్లీషు, మసీదు గోపురం మీదినుండి అరబ్బీ. నాలుగు భాషల ధ్వనులు చెవిని పడకుండ అక్కడ ఏ పిల్లవాడూ పెరుగజాలడు. ఇన్నింటికి తోడు అగ్యారీలో అవెస్తా మంత్రాలు. పారశీక బాలబాలికలకు నవజోత్ అనే సంస్కారం చేస్తారు. మన ఉపనయనం వంటిది. తెల్లని సుద్రె తొడిగి, నడుముకు కుస్తీ అనే ఉన్నిత్రాడు కట్టి, సదాలోచన, సద్వచనము, సత్కర్మ అనే మూడింటిని వ్రతంగా ఇస్తారు. ఆ సంస్కారం ఫరూఖుకూ జరిగినది.

ఎనిమిదేండ్ల ప్రాయంలో ఈ పిల్లవానిని తల్లిదండ్రులు చదువుకై ఇండియాకు పంపినారు. జాంజిబారులో మంచి ఇంగ్లీషు చదువుకు అవకాశం తక్కువ. పారశీక కుటుంబాలు చదువు విషయంలో ఖర్చుకు వెనుదీయవు. క్యాషియరు జీతానికి అది చిన్న ఖర్చు కాదు. ఓడమీద బొంబాయి, అక్కడినుండి పూనా, పూనానుండి వాయి దాటి ఘాటురోడ్డు ఎక్కితే పంచగని. సముద్రమట్టానికి సుమారు 4,200 అడుగుల ఎత్తున, చల్లని గాలి వీచే ఊరు. క్షయరోగులకు ఆ గాలి మంచిదని బిల్లిమోరియా అనే పారశీక వైద్యుడు 1912లో అక్కడ ఆరోగ్యభవనం నెలకొల్పినాడు. ఆ గాలికే వసతి పాఠశాలలూ వెలసినవి. వానిలో ఒకటైన సెయింటు పీటర్సు పాఠశాలలో ఫరూఖును చేర్చినారు.

ఎనిమిదేండ్ల పిల్లవాడు, తల్లికి, తనకు నడుమ ఒక మహాసముద్రం. సెలవులన్నింటికి ఇంటికి పోయి రావడం కుదిరేది కాదు. చాల సెలవులు బొంబాయిలోని బంధువుల ఇంటనే గడిచేవి. దీనిని గురించి పెద్దవాడైన తరువాత ఆయన చెప్పినది బహు స్వల్పం. స్వశక్తిమీద నిలువడం అక్కడ నేర్చుకొన్నానన్న అర్థం వచ్చే మాటలే తప్ప, దుఃఖపు మాటలు లేవు. హాస్టలులో పిల్లలను విడిచి వచ్చిన తల్లులు ఈ పత్రిక చదివేవారిలో ఉంటారు. దీనిపై వ్యాఖ్యానం వారికి విడుస్తున్నాము.

పై దవడలో నాలుగు పళ్ళు అధికంగా మొలవడంచేత ముందు పళ్ళు బయటికి వచ్చి ఉండేవి. తోటి పిల్లలు ఊరుకొంటారా? పేరుపెట్టి ఏడిపించినారు. నవ్వేటప్పుడు పెదవితోనో చేతితోనో పళ్ళు మరుగుచేసుకొనే అలవాటు కడదాక పోలేదు. ఆ పళ్ళు తీయిస్తే కంఠం మారుతుందేమో అన్న భయంతో, డబ్బు పుష్కలంగా ఉన్న రోజులలోకూడ ఆయన వాటి జోలికి పోలేదు. ఆ బడిలోనే ఫరూఖ్ అనే పేరు ఫ్రెడ్డీగా మారినది. ఆటలలో వెనుకబడినవాడు కాదు. టేబులు టెన్నిసులో మేటి. ముష్టియుద్ధంలోకూడ దిగినాడు గాని, తల్లి ఆ సంగతి తెలిసి మానుమని ఉత్తరం వ్రాసినదట.

ఇప్పుడు మేము, రేడియో ఉద్యోగులము, కొంచెము ఆగి చెప్పదలచుకొన్న ఘట్టం వచ్చినది. ఈ పిల్లవాడు రేడియోలో ఒక పాటను ఒక్కసారి వింటే చాలు, పియానో దగ్గరకు పోయి దానిని యథాతథంగా వాయించేవాడని సహాధ్యాయులు చెప్పినారు. ఒక్కసారి అన్నది స్నేహితుల ప్రేమవల్ల పెరిగిన మాట అయి ఉండవచ్చు, రెండుసార్లనుకొన్నా ఆశ్చర్యమే. అతనికి సంగీతంలో పాఠాలు చెప్పించడం మంచిదని పాఠశాల ప్రధానాచార్యులే తల్లిదండ్రులకు వ్రాసినారు. వారు అదనపు రుసుము చెల్లించి పియానో నేర్పించినారు. నాలుగవ శ్రేణి పరీక్షవరకు నేర్చినాడు. ఇది గొప్ప శిక్షణేమీ కాదు. అయినా, చేతివ్రేళ్ళకు పాఠశాల ఇచ్చిన శిక్షణ కొద్దిదైనప్పుడు, చెవికి శిక్షణ ఇచ్చినదెవరు?

ఆ దినాలలో ఈ దేశంలో పాశ్చాత్య జనప్రియ గీతాలు వినదలచినవారికి పెద్ద దిక్కు రేడియో సిలోను. మా సంస్థ చరిత్ర దాచుకోవలసిన పనిలేదు. 1952 తరువాత ఆకాశవాణి సినిమాపాటలను దూరముంచగా శ్రోతలు గుంపులుగా కొలంబోవైపు ముల్లు త్రిప్పినారు. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ఆరంభమయ్యేదాక ఆ లోటు తీరలేదు. 1940 మొదలు హార్మోనియానికికూడ మా స్టూడియోలలో ప్రవేశం నిషిద్ధము. మెట్లకు బిగించిన స్వరాలలో గమకం పలుకదని విద్వాంసుల ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. అయినప్పటికీ, మేము మెట్లవాద్యాన్ని వాకిట నిలిపిన ఆ ఏండ్లలోనే, సహ్యాద్రిమీద ఒక పిల్లవాడు గాలిలో వచ్చిన పాటలను పట్టి అట్టి మెట్లమీదనే నిలుపుతూ ఉండినాడన్నది తలచుకొంటే మాకు కొంత నవ్వు, కొంత సిగ్గు కలుగుతాయి.

1958లో అయిదుగురు విద్యార్థులు కలిసి హెక్టిక్స్ అనే చిన్న బృందాన్ని కట్టినారు. తేయాకు పెట్టెకు కర్ర నిలిపి, త్రాడు బిగించి మంద్రవాద్యం చేసుకొన్నారు. క్లిఫ్ రిచర్డు, లిటిల్ రిచర్డు, ఫ్యాట్స్ డామినో పాటలు పాఠశాల ఉత్సవాలలో వాయించేవారు. మన కథానాయకుడు ఇందులో ప్రధాన గాయకుడు కాడు! పియానో అతనిది, పాట మరొకనిది. వెనుకనుండి గొంతు కలిపేవాడు. పియానో దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం బిడియమంతా పోయి వేరే మనిషి అయ్యేవాడని తోడివారి సాక్ష్యం.

చదువు మాత్రం రానురాను సన్నగిల్లినది. పదవ తరగతి గట్టెక్కలేదు. 1963 నాటికి అతడు జాంజిబారు తిరిగి చేరినాడు. ఆ సంవత్సరం డిసెంబరు 10వ తేదీన దీవికి స్వాతంత్ర్యం వచ్చినది. సింహాసనంమీద ఉన్న అరబ్బు సుల్తాను పేరు జంషీద్. అది ప్రాచీన ఇరాను పురాణరాజు పేరు, పారశీకులు నౌరోజు పండుగనాడు తలచుకొనే పేరు! ఆ జంషీదు రాజ్యం స్వాతంత్ర్యానంతరం ముప్పదిమూడు రోజులు నిలిచినది. 1964 జనవరి 12వ తేదీ రాత్రివేళ విప్లవం చెలరేగినది. సుల్తాను ఓడలో పలాయితుడైనాడు. వేలకొలది అరబ్బులు, భారతీయులు హతులైనారు. తరతరాల దాస్యము, భూమిలేనితనము మనసులో రగిలి రగిలి పగిలిన కోపమది. అయితే ఆ కోపం లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాకు, తోటల యజమానికి తేడా చూడలేదు. బోమీ బుల్సారా కుటుంబము చేతికందిన పెట్టెలు మాత్రం తీసుకొని ఇంగ్లండుకు తరలిపోయినది. అతడు పంచగనిలో ఉండగా తల్లిదండ్రులున్న చోటు ఇల్లుగా ఉండేది. పదునేడవ ఏట ఆ ఇల్లు కూడ పోయినది.

లండనుకు పడమర, హీత్రో విమానాశ్రయం దాపున, ఫెల్తాం అనే శివారు. గ్లాడ్‌స్టన్ అవెన్యూలో చిన్న ఇల్లు. హైకోర్టు క్యాషియరు అక్కడ మరల లెక్కల ఉద్యోగం చూసుకొన్నాడు. జాంజిబారులో నౌకర్లను పెట్టుకొన్న జెర్ దుకాణంలో పనికి కుదిరినది. కొడుకు ఈలింగు కళాశాలలో చిత్రకళ, రూపకల్పన అభ్యసించి 1969లో పట్టా పుచ్చుకొన్నాడు. తండ్రికి కొడుకు న్యాయవాదో, లెక్కల పరీక్షకుడో కావలెనని ఉండినదన్నది ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. 1970లో బృందానికి క్వీన్ అని పేరుపెట్టినది కొడుకే. ఇంచుమించు అప్పుడే తన ఇంటిపేరుకూడ మార్చుకొన్నాడు. బుల్సారా పోయి మెర్క్యురీ వచ్చినది. ఊరి పేరు పోయి గ్రహం పేరు వచ్చినది.

ఎందుకు మార్చుకొన్నాడు? రంగస్థలానికి గట్టి పేరు కావలెనని చెప్పవచ్చు, అది నిజమే. ఆ కాలపు ఇంగ్లండునుకూడ మరువరాదు. తూర్పు ఆఫ్రికా భారతీయుల రాకను అడ్డుకొనడానికి 1968లో పార్లమెంటు హడావుడిగా చట్టం చేసినది. ఆ ఏప్రిలులోనే ఇనాక్ పవెల్ అనే సభ్యుడు వలసలవల్ల దేశం నాశనమౌతుందని ప్రసంగించి దేశమంతటా కలవరం రేపినాడు. 1972లో ఉగాండానుండి తరిమివేయబడినవారు వచ్చినప్పుడు మళ్ళీ అదే కలవరం. వీధిలో గోధుమరంగు ముఖం కనబడితే ఏ దేశమని అడగకుండానే ఒక తిట్టుపేరు పెట్టి పిలిచే రోజులవి. అట్టి వేళ రంగస్థలం ఎక్కదలచిన యువకుడు తన పుట్టుపూర్వోత్తరాలను గురించి పెదవి విప్పలేదని మేము తప్పు పట్టలేము. పత్రికలవారు మరీ పట్టుపడితే పర్షియను సంతతివాడనన్నాడు. అది అబద్ధం కాదు. నడుమ వెయ్యేండ్ల గుజరాతు, ఒక జాంజిబారు, ఒక పంచగని జారిపోయినవి, అంతే.

అయితే చెవిలో పడినవి అంత సులభంగా జారిపోతాయా? 1975లో ఆయన రచించిన బొహీమియన్ రాప్సొడీ ఆరు నిముషాలకు అయిదు సెకనులు మాత్రం తక్కువ. రేడియోకు ఇంత పొడవు పనికిరాదని వ్యాపారులు పెదవి విరిచినారు. కెనీ ఎవరెట్ అనే లండను రేడియో ప్రయోక్త ఒక వారాంతంలో దానిని పదునాలుగుసార్లు వినిపించి వారి నోళ్ళు మూయించినాడు. (మా వృత్తివాడు చేసిన పని కనుక కొంచెము గర్వంతో చెబుతున్నాము.) ఆ పాట నడుమ ఇటాలియను నాటకగానం ధోరణిలో సాగే భాగంలో, ముస్లిములు ఏ పనికైనా ముందు ఉచ్చరించే అరబ్బీ ప్రార్థనాపదం హఠాత్తుగా మ్రోగుతుంది. ఎందుకు వచ్చినదో ఆయన వివరించలేదు. లండనులో పుట్టిన పిల్లవానికి అది పుస్తకాలలో దొరికే మాట. స్టోన్ టౌన్ పిల్లవానికి గోడ అవతలినుండి వినవచ్చే మాట.

1991 నవంబరు 23వ తేదీన తనకు ఎయిడ్స్ వ్యాధి ఉన్నదని ఆయన ప్రకటించినాడు. మరునాడే కన్నుమూసినాడు. నలుబదియైదేండ్లు. పురుషులతో గడిపిన ప్రేమజీవితము ఆచారవంతులైన తల్లిదండ్రుల మతదృష్టికి కష్టమౌతుందని ఆయన వారి ఎదుట ఆ ప్రసక్తి తేలేదని మా ఊహ. వారూ అడిగినట్లు లేదు. ప్రేమ ఉన్న ఇండ్లలో ఇట్టి మౌనాలు మనకు తెలియనివి కావు. నవంబరు 27వ తేదీన లండనులో జరిగిన అంత్యక్రియలకు వచ్చినవారు కొద్దిమందే. తెల్లని దుస్తులు ధరించిన జరతుష్ట్ర పురోహితులు అవెస్తాలో ప్రార్థనలు చేసినారు. ఆ మాటలలో మెర్క్యురీ లేడు. అవి జాంజిబారు అగ్యారీలో బాలుడు విన్న మాటలు, ఉద్వాడలో నేటికీ వినబడే మాటలు.

జన్మించిన దీవి చాలకాలం ఆయనను ఎట్లా చూడవలెనో తేల్చుకోలేకపోయినది. 2006లో అరువదవ జన్మదినోత్సవం తలపెట్టగా మతవాదుల ఆక్షేపణవల్ల అది ఆగిపోయినది. 2019లో మాత్రం స్టోన్ టౌనులో ఆయన పేర ఒక ప్రదర్శనశాల తెరిచినారు.

తండ్రి బోమీ 2003 డిసెంబరులో, తొంబదియైదు నిండిన తరువాత మరణించినాడు. 2016 సెప్టెంబరు 1వ తేదీన ఫెల్తాంలోని ఆ చిన్న ఇంటి గోడకు, లండనులో ప్రసిద్ధుల నివాసాలకు పెట్టే నీలిరంగు ఫలకాన్ని అమర్చినారు. ఆవిష్కరణకు చెల్లెలు కశ్మీరా వచ్చినది. తల్లి జెర్ అప్పటికి జీవించియే ఉన్నది. ఆ నవంబరులో, తొంబదినాలుగవ ఏట, కన్నుమూసినది. ఫలకంమీద పెద్ద అక్షరాలలో ఫ్రెడ్డీ మెర్క్యురీ అని ఉన్నది. దాని క్రింద, కుండలీకరణాలలో, కొంచెము చిన్న అక్షరాలతో, ఫ్రెడ్ బుల్సారా అని ఉన్నది.